పిన్నూ, బుష్షూ

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. మొన్న దసరా సెలవులకు మేము అక్కడికి వెళ్ళినప్పుడు, తాతగారింట ఉంచిన మా అబ్బాయి గేరు సైకిలు వెనుకభాగం గతుకుల్లో లొడలొడలాడసాగింది. గోల్‌బజారులో ఒక దుకాణదారు మొత్తం షాక్ అబ్జార్బరే మార్చాలన్నాడు.

నాన్నగారు ఒప్పుకోలేదు. రైల్వే వర్క్‌షాపులో బోగీల బ్రేకు గేరుకు పిన్నులు, బుష్‌లు మార్చి పదవీ విరమణ చేసినవారు. ఇప్పుడు చూపు మందగించింది. మమ్మల్ని సీటు పట్టి కొద్దిగా ఎత్తమని, షాక్ అబ్జార్బరు బిగించిన చోట వేలు ఆనించారు. "ప్లే ఇక్కడుందిరా" అన్నారు. విప్పి చూడగా 12.7 మిల్లీమీటర్ల పిన్ను నున్నగానే ఉంది. బుష్ ఒకవైపు కోలగా అరిగింది. పిన్నుకే గీతలు పడివుంటే కొత్త బుష్‌ను కూడా అది త్వరలోనే తినేస్తుందట.

తొందరపడి మేము కొత్త బుష్‌ను సుత్తితో కొట్టాము. దాని అంచు వంగిపోయింది. (ఇంజనీరింగు పట్టా మాది!) నాన్నగారు ఏమీ అనలేదు. రెండవదానిని వైస్ దవడల నడుమ నిటారుగా నిలిపి, నిదానంగా పిడి తిప్పారు. ఆయన చేతులు వణికాయి. బుష్ వంకర పోలేదు.

మనుమడు ఒక చుట్టు తిరిగి వచ్చి, "చప్పుడు లేదు తాతగారూ" అన్నాడు. మళ్ళీ సీటు ఎత్తించి, వేలు ఆనించి చూసుకున్నాకగాని ఆయన లేవలేదు.