పాత రైఫిలుకు పూర్వరూపం

తుపాకిని గురించి వ్యాసం రాస్తానని నేనెన్నడూ అనుకోలేదు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అయితే కిందటి వేసవిలో అమెరికాలో, పిట్స్‌బర్గు నగరపు శివారులో, మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలు ఉండవలసి వచ్చింది. పక్కింటి పెద్దమనిషి తన గారేజిలో ఒక పాత సైనిక రైఫిలును విప్పి, దానికి పూర్వరూపం తెచ్చే పనిలో ఉండేవాడు. పొద్దుపోక నేనొక కుర్చీ వేసుకుని ఆ పని చూస్తూ కూర్చునేవాణ్ణి. మొదట కాలక్షేపంగా ఉన్నది కొన్నాళ్ళకు నన్ను ఇబ్బంది పెట్టసాగింది. పూర్వరూపమంటే ఏమిటి? ఏనాటి రూపం? ఎవరు ఇచ్చిన రూపం? వారసత్వాన్ని గురించి మన సాహిత్యసభలలో ఏళ్ళ తరబడి సాగుతున్న తగాదా ఆ గారేజి బల్లమీద విప్పిపెట్టి ఉన్నట్టు తోచింది.

ఆయన జీవితమంతా లేతు యంత్రం మీద పనిచేసి రిటైరైన కార్మికుడు. ఆయన తండ్రి ఉక్కు ఫాక్టరీలో పనిచేశాడు. రైఫిలు తండ్రిది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక రాజ్యాలు తమ ఆయుధాగారాలలో మిగిలిపోయిన పాత రైఫిళ్ళను వర్తకులకు తెగనమ్మాయి. ఆ వర్తకులు పత్రికలలో ప్రకటనలు వేసి, 1968లో చట్టం అడ్డుపడేదాకా, కొద్ది డాలర్లకు వాటిని టపాలో ఇళ్ళకు పంపేవారు. కొత్త వేటతుపాకి కొనే తాహతు లేని కార్మికులూ, రైతులూ వాటిని కొన్నారు. కాని సైనికుడి తుపాకి వేటగాడికి బరువు. అందుకని గొట్టం పొడుగునా ఉన్న కర్రను రంపంతో సగానికి కోసి, కొసను నున్నగా గుండ్రం చేసి, గొట్టం పైన చెయ్యి కాలకుండా ఉండే కర్రలను తీసేసి, బాయొనెట్టు తగిలించే ఇనుప మూతితొడుగును అవతల పారేసేవాళ్ళు. ఇలా మార్చి అమ్మే కంపెనీలు ఉండేవి. వంటింటి బల్లమీద సొంతంగా మార్చుకున్నవాళ్ళూ ఉండేవాళ్ళు. ఈయన తండ్రి ఆ రెండవ కోవకు చెందినవాడు.

1959లో అమెరికా ఉక్కు కార్మికులు సుమారు 5 లక్షలమంది 116 రోజులు సమ్మె చేశారు. నవంబరులో కోర్టు ఉత్తర్వు తెచ్చి వాళ్ళను తిరిగి పనిలోకి పంపారు. సమ్మె ఆగింది గాని కిరాణా కొట్టు బాకీ ఆగలేదు. ఆ ఏటి జింకల వేటకాలంలో తండ్రి ఈ రైఫిలుతో కొట్టిన జింక మాంసంతో తమ ఇల్లు చలికాలం గట్టెక్కిందని ఆయన చెప్పాడు. కొడుకు ఇప్పుడు ఆ రైఫిలును తండ్రి కోయకముందున్న రూపానికి తేవాలనుకున్నాడు. ఎందుకంటే, పాత ఆయుధాలు పోగుచేసేవాళ్ళ దృష్టిలో ఇలాంటి రైఫిలు చెడగొట్టిన రైఫిలు. ఎవరో ఒకరు ఆ మాట ఆయన ముందే అన్నారట. అది తండ్రి మీద నిందలాగా ఆయనకు తగిలింది.

ఒకనాడు ఆయన నన్ను పిలిచి, బోల్టు పిడి కింద, కర్ర మడమను పట్టి ఉంచే ఉక్కు కప్పు మీద ఉన్న గుర్తులు చూపించాడు. తుప్పు తుడిచేసరికి అక్షరాలు బయటపడ్డాయి. పైన ఒక కిరీటం, దాని కింద జీ ఆర్ ఐ అనే మూడక్షరాలు, ఆ కింద ఇషాపూరు, ఆ కింద 1942. "ఈ ఊరు మీ దేశంలోదేనా ప్రొఫెసర్?" అని అడిగాడు.

మా దేశంలోదే. ఇది లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు. స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసిన జేమ్స్ పారిస్ లీ దీని బోల్టునూ, గుళ్ళపెట్టెనూ కనిపెట్టాడు. లండను దగ్గరి ఎన్‌ఫీల్డులో ఆయుధాల ఫాక్టరీ ఉండేది. ఈ నమూనా మొదట 1907లో స్థిరపడింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1916లో, తొందరగా తయారయేందుకు వీలుగా కొన్ని భాగాలు తగ్గించారు. పది గుళ్ళు పట్టే ఈ రైఫిలే మన జనం నోట "త్రీ నాట్ త్రీ" అయింది. ఇషాపూరు కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉంది. అక్కడి కార్మికులు దీన్ని తయారుచేశారు. కిరీటం కింద ఉన్న మూడక్షరాలకు అర్థం జార్జి రాజు, చక్రవర్తి అని. ఆ చక్రవర్తిత్వం మన మీదనే.

సంవత్సరం కూడా చూడండి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. మరుసటి ఏడు అదే బెంగాలులో లక్షలమంది తిండిలేక చచ్చారు. ఆ ఏళ్ళలో ఇషాపూరు ఫాక్టరీ నుంచి రైఫిళ్ళు బయటికి వస్తూనే ఉన్నాయి. కనుక ఈ రైఫిలు "పూర్వరూపం" అమాయకమైనది కాదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగులో సిపాయిలు పేల్చిన 1650 తూటాలు .303 రకానివే. అధికారులు ఒప్పుకున్న మృతుల సంఖ్య 379.

మరొక విషయం మనవి చేయాలి. ఈ రైఫిలును మొదట కోసి మార్చింది అమెరికా వేటగాడు కాడు, వలస ప్రభుత్వమే. 1857 తరువాత దొరలకు భారతీయుడి చేతిలో మంచి తుపాకి ఉండడమంటే భయం. 1878 ఆయుధాల చట్టం మనల్ని నిరాయుధులను చేసి, తెల్లవాళ్ళను మినహాయించింది. ఇషాపూరులోనే ఎన్నో లీ ఎన్‌ఫీల్డు రైఫిళ్ళ గొట్టాలలోని మరచుట్లు తీసేసి, నునుపు గొట్టం చేసి, గుళ్ళపెట్టెలో కర్రముక్క బిగించి, ఒక్కొక్క గుండే పేలే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకూ, కాపలావాళ్ళకూ ఇచ్చారు. ప్రజల చేతిలో పడితే ప్రమాదం తక్కువగా ఉండాలన్నదే ఇందులోని తర్కమని నేననుకుంటాను. ఆ భయం ఉత్తది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద వరసగా మూడు రోజులు పడి, తుపాకులూ తూటాలూ పట్టుకుపోయింది. సైన్యం వాడే కొలతగల తుపాకి పౌరుడి దగ్గర ఉండరాదన్నారు గనుక, అదే యంత్రాంగంతో .315 కొలత వేటరైఫిళ్ళు కూడా మన ఆయుధ ఫాక్టరీలలో తయారయాయి. అంటే ఒకే ఇనుముకు ఒకచోట జింక మాంసం కోసం కోత పడింది, మరొకచోట జనానికి భయపడి కోత పడింది. ఈ రెండు కోతలూ ఒకటేనా?

ఇదంతా చెప్పాక, చెప్పకూడదనుకున్నది కూడా ఆయనకు చెప్పాను. నల్లగొండ జిల్లాలో మా ఇంట్లో మా తాత చేతికర్ర ఉంది. దాని కొసకున్న ఇత్తడి పొన్ను ఒక ఖాళీ .303 తూటా. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి నిజాము పాలనను కొద్ది రోజులలో ముగించింది. ఆ తరువాత అదే సైన్యమూ, పోలీసులూ సాయుధ రైతు దళాల వెంటపడ్డారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా ఆ వేట సాగింది. 1949లో ఒక రాత్రి మా చెరువుకట్ట దగ్గర మా తాత తమ్ముణ్ణి కాల్చేశారు. తెల్లవారి మా చిన్నాయన, అప్పుడు పదేళ్ళవాడు, గడ్డిలో ఆ తూటా ఏరుకొచ్చాడు. మా తాత దాన్ని కంసలి చేత మెడ దగ్గర కోయించి కర్రకు తొడిగించాడు. "ఎందుకు తాతా?" అని చిన్నప్పుడు అడిగితే, "గిది భూమ్మీద ఒత్తుతనే ఉండాలె బిడ్డా" అన్నాడు. ఆ పొన్ను అడుగున ఖడ్కీ ఫాక్టరీ గుర్తయిన కే ఎఫ్ అనే అక్షరాలు సగం అరిగి ఇంకా కనబడతాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ తాత కర్రకు నేను పూర్వరూపం తేలేను" అన్నాడు. నవ్వులాటకు అన్న మాట కాదది.

పని మాత్రం ఆగలేదు. ఆ పనిలోని శ్రద్ధ చూస్తే చెయ్యెత్తి నమస్కరించాలనిపించేది. తండ్రి గొట్టాన్ని కోయలేదు. గొట్టం 25 అంగుళాలు దాటి పూర్తిగా ఉంది గనుకనే ఈ ప్రయత్నం సాధ్యమైంది. గొట్టమే తెగి ఉంటే మూతితొడుగు కూర్చునే చోటే ఉండదు. మడమను బిగించే పొడుగాటి బోల్టు చివర చదరంగా ఉండి ముందుకర్రలోని ఒక పలకలో చిక్కుకుని ఉంటుంది. ముందుకర్రను తీయకుండా ఆ బోల్టును తిప్పితే కర్ర చీలిపోతుంది. తెలియనివాళ్ళు చేసే మొదటి తప్పు ఇదేనట. పాత సైనిక నిలవలలోని ముందుకర్ర ఒకటి ఆయన సంపాదించాడు. ఇనుముకు దీపపు మసి రాసి, కర్రలో కూర్చోబెట్టి తీసి, మసి అంటిన చోట మాత్రమే ఉలితో రవ్వంత గీకేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. తుపాకి పేలినప్పటి తాకిడిని కర్ర వెనుక భాగం రెండువైపులా సమంగా మోయాలి. ఒక పక్కే మోస్తే కొన్నాళ్ళకు పగులుతుంది. మూతితొడుగు గొట్టాన్ని పక్కలకు తోయకూడదు. అన్నీ కుదిరాక ముడి అవిసెనూనె పల్చగా రాసి అరచేత్తో రుద్ది ఆరబెట్టేవాడు. ఈ పనికి ఎనిమిది వారాలు పట్టింది.

చిక్కు ఆఖరున వచ్చింది. ఈ రైఫిళ్ళలో చట్రంమీదా, బోల్టుమీదా, గురి పలకమీదా, ముందుకర్రమీదా, మూతితొడుగుమీదా ఒకే నంబరు కొట్టేవారు. అన్ని నంబర్లూ కలిసిన రైఫిలుకు విలువ హెచ్చు. ఆయన తెచ్చిన ముందుకర్రమీద వేరే నంబరుంది. దాన్ని గీకి, పాత అచ్చులతో చట్రం నంబరు కొడితే ఎవరూ కనిపెట్టలేరని ఒక స్నేహితుడు సలహా చెప్పాడు. తండ్రి గురిదూర్బీను బిగించడానికి చట్రం పక్కన రెండు రంధ్రాలు వేశాడు. వాటిని వెల్డింగు చేసి నునుపు పెడితే అవి కూడా మాయమవుతాయి. ఆయన మనసు ఊగిసలాడింది. నా అభిప్రాయం అడిగాడు.

నేను చరిత్ర చెప్పినవాణ్ణి గనుక ఒక్కటే అన్నాను. పోయినదాన్ని తిరిగి పెట్టడం మరమ్మతు. జరిగినది జరగలేదనడం దొంగ దస్తావేజు. కర్రను మారిస్తే 1942 నాటి కార్మికుడి పనితనం మళ్ళీ కంటికి కనబడుతుంది, అది మంచిదే. నంబరు మారిస్తే 1959 చలికాలం లేదని బొంకినట్టు. ఆ బొంకులో ముందు చచ్చేది ఆయన తండ్రి.

ఈ మాట రైఫిలుకే పరిమితం కాదని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. జంగం కథల నుంచి వచ్చిన బుర్రకథను 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు చేపట్టారు. పాత వీరుల కథల పక్కన బెంగాలు కరువునూ, రైతు పోరునూ పెట్టారు. షేక్ నాజరు వంటివాళ్ళ చేతిలో ఆ కళకు కొత్త ఊపిరి వచ్చింది. జానపద కళలను "స్వచ్ఛమైన మూలరూపం"లో కాపాడాలనే పెద్దలు ఈ మార్పును చూసి పెదవి విరుస్తారు. వాళ్ళ లెక్కలో జమీందారు కొలువులో పాడినదే మూలం, కూలీల సభలో పాడినది కల్తీ. పాత ప్రతులను వెతకడం, పాత బాణీలను రాసిపెట్టడం తప్పనడం లేదు. అది ఎనిమిది వారాల మసీ, ఉలీ వంటి పని. మనవాళ్ళు అందులో సోమరితనం చూపిన మాట కూడా నిజమే. జంగం కథకుడి దగ్గర పాత వరస నేర్చుకోకుండా నాజరు కొత్త కథ చెప్పగలిగేవాడా? కాని పాతరూపాన్ని వెలికితీసే పేరుతో, దాన్ని వాడుకుని బతికినవాళ్ళ చేతిగుర్తులు చెరిపేయడం విద్వత్తు కాదు. అది ఒక వర్గం పక్షాన సాక్ష్యాన్ని మాపడం. ఏ వస్తువుకైనా పుట్టుక ఒకసారే, బతుకు చాలాకాలం.

నేను బయలుదేరే ముందురోజు రైఫిలు పూర్తయింది. చూడడానికి 1942లో ఫాక్టరీ గుమ్మం దాటినట్టే ఉంది. ముందుకర్రమీద దాని సొంత నంబరు అలాగే ఉంది. చట్రం పక్క రెండు రంధ్రాలలోనూ చిన్న మరలు బిగించి వదిలేశాడు. కావాలన్నవాళ్ళకు అవి కనబడతాయి. తండ్రి కోసిన పాత కర్రను గుడ్డలో చుట్టి, తండ్రి ఎప్పుడు కోసిందీ, ఎందుకు కోసిందీ ఒక కాగితంమీద రాసి, రైఫిలుతోపాటే పెట్టెలో పెట్టాడు. ఇషాపూరు ఎక్కడుందో, 1943లో అక్కడ ఏమయిందో కూడా నాచేత నాలుగు వాక్యాలు చెప్పించుకుని రాసుకున్నాడు. దాని వెల తగ్గుతుందని ఆయనకు తెలుసు.

ఇంటికి వచ్చాక తాత చేతికర్రను దించి చూశాను. పొన్ను వదులై ఊడబోతున్నది. ఊరి కంసలి దగ్గరకు తీసుకెళితే, "మెరుగు పెట్టమంటారా సార్?" అన్నాడు. వద్దని, గట్టిగా బిగించమని మాత్రం చెప్పాను.