ముగింపు నిల్వ

మొన్న దసరా సెలవులకి మా అబ్బాయిలిద్దరూ బరంపురం వచ్చారు. ఒకరాత్రి భోజనాల దగ్గర ‘మాస్ ఎఫెక్ట్’ అనే కంప్యూటర్ ఆట మీద వాదులాట. సగం తెలుగు, సగం ఒడియా.

మొదటి భాగం 2007లో, రెండోది 2010లో వచ్చాయట. మొదటి ఆటలో మనం బతికించుకున్న రెక్స్ అనే యోధుడు, ఆ ఆట ఫైలు రెండోదానికి అందిస్తే బతికే ఉంటాడు. లేకపోతే మామూలుగా చచ్చినట్టే లెక్క!

“కథ తెగిపోయినట్టే కదా?” అంటాడు పెద్దవాడు. “కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కడో మొదలుపెట్టాలిగా!” అంటాడు చిన్నవాడు.

తీర్పు నన్ను చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకు లెడ్జర్లు చూసినవాణ్ణి. “నిన్నటి ముగింపు నిల్వే ఇవాళ్టి ప్రారంభ నిల్వ. అది రాయకపోతే తప్పు ఖాతాది కాదు, అందించని వాడిది” అన్నాను.

“మరి మాకు తెలుగు చదవడం ఎందుకు అందించలేదు నాన్నా?” అన్నాడు చిన్నవాడు.

నోట మాట రాలేదు. 1936లో గంజాం మద్రాసు నుంచి ఒరిస్సాలో చేరినా, మా తాతగారు ఇంట్లో తెలుగు చదువు మాననివ్వలేదు. నా బదిలీల్లోనే అది జారిపోయింది.

మర్నాడే పెద్దబాలశిక్ష దుమ్ము దులిపాను. ఇప్పుడు రాత్రిళ్ళు ఫోనులో గుణింతాలు నడుస్తున్నాయి. మీ ఇంట్లో నిల్వ ఎంతుందో మీరూ ఒకసారి చూసుకోండి.