నీవ్ అంటే వెలుగు

ఈ దేశంలో కాపురం పెట్టిన మనకి, బిడ్డ పుట్టగానే ఎదురయ్యే మొదటి చిక్కు పేరు. ఇంగ్లండులో 42 రోజుల్లోగా రిజిస్టరు చేయించాలి. అక్కడ పెద్దవాళ్ళు ఒక పేరు అనుకుంటారు. ఇక్కడి స్నేహితులు నోరు తిరిగే పేరు పెట్టమంటారు. మా అమ్మాయికి మా అత్తగారు కోరిన పేరు జ్యోత్స్న. తోటి డాక్టరొకాయన అది విని, "జాయ్ అని రాయించెయ్యి, బళ్ళో పిల్లకి సుఖం" అన్నాడు. మా ఆవిడకి ఆ మాట సగం నచ్చింది కూడా. "ఎవరూ సరిగ్గా పలకకపోతే బాధపడేది పిల్లే కదండీ" అంది.

ఈ తర్జనభర్జనలో ఉండగా నా దృష్టి ఒక ఐరిష్ పేరు మీద పడింది. మా ఆస్పత్రి నర్సుల్లో ఆ పేరుగలవాళ్ళు ఇద్దరున్నారు. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అని రాస్తారు. కొత్తవాళ్ళు "నియామ్" అని పిలుస్తారు. అసలు ఉచ్చారణ "నీవ్". మన "నీవు"లో చివరి ఉకారం మింగేస్తే సరి!

ఎమ్ పక్కన హెచ్ చేరితే వకారం ఎలా అయిందని అడిగాను. ఇద్దరిలో పెద్దావిడ కాగితం మీద రాసి చూపించింది. వెనకటి గేలిక్ లిపిలో ఎమ్ నెత్తిన చుక్క పెట్టేవారట. చుక్క పడితే అక్షరం మెత్తబడి వకారంలా పలుకుతుంది. 20వ శతాబ్దం నడుమ రోమన్ లిపి స్థిరపడ్డాక ఆ చుక్క స్థానంలో హెచ్ వచ్చింది. తల్లి, తండ్రి కలిసి "తల్లిదండ్రులు" అయినప్పుడు తకారం దకారంగా మెత్తబడడం మనం బళ్ళో చదువుకున్నదే. ఇదీ ఆ కోవలోదే.

ఆ మాటకి పాత ఐరిష్‌లో అర్థం వెలుగు, మెరుపు. వాళ్ళ పురాణగాథలో నీవ్ బంగారు జుట్టుగల రాకుమారి. తెల్లగుర్రం మీద సముద్రం దాటి వచ్చి, ఫిన్ కొడుకు ఒషీన్‌ని ముసలితనం లేని తన దేశానికి తీసుకుపోతుంది. మూడేళ్ళు గడిచాయనుకుని అతను ఇంటిమీద బెంగపడతాడు. గుర్రం దిగవద్దని చెప్పి పంపుతుంది నీవ్. తీరా వస్తే ఐర్లండులో గడిచినవి 300 ఏళ్ళు. తనవాళ్ళెవరూ లేరు. ఒక బండరాయి ఎత్తలేక అవస్థపడుతున్నవాళ్ళకి సాయం చెయ్యబోతే జీను పట్టీ తెగి కిందపడతాడు. నేల తగలగానే పండుముసలి అయిపోతాడు. మన భాగవతంలో రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళిన కకుద్మి కథ గుర్తు రావడంలేదూ? ఆయన క్షణకాలం పాట వినేసరికి కింద 27 మహాయుగాలు దాటిపోయాయి. మూడేళ్ళలో మెంబర్‌షిప్ పరీక్ష ముగించుకుని తిరిగి వెళ్దామని వచ్చిన మనకి ఈ రెండు కథలూ విడమరిచి చెప్పాలా!

పేరు పాతదైనా మనుషులకి పెట్టుకోవడం మాత్రం 20వ శతాబ్దంలోనే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఇంగ్లీషు పాలనలో కాగితాల మీద ఐరిష్ పేర్ల బదులు ఇంగ్లీషు పేర్లు రాయడం మామూలు. డియర్మిడ్‌ని జెరిమయా అని, టైగ్‌ని తిమోతీ అని రాసేవారు. అర్థంలో సంబంధం లేదు, ఏదో కాస్త పోలిక, అంతే. 1845లో మొదలైన కరువు తర్వాత చావులతో, వలసలతో భాష మరీ చిక్కిపోయింది. 1893లో గేలిక్ లీగ్ ఏర్పడ్డాక భాషతోపాటు పాత పేర్లనీ వెతికి తెచ్చుకున్నారు. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వాళ్ళకి అంత శ్రమ పట్టింది. మనం చేతిలో ఉన్నదాన్నే వదులుకోబోతున్నాం!

పేరు తప్పుగా పిలిస్తే విసుగు రాదా అని ఆవిణ్ణి అడిగాను. "ఒకసారి చెబుతాను డాక్టర్. రెండోసారి చెప్పాల్సిన అవసరం చాలామందితో రాలేదు" అంది.

ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మన పిల్ల కూడా ఒకసారి చెబుతుందిలెండి" అంది. 39వ రోజున రిజిస్ట్రారు అడుగుతూ ఉంటే ఒక్కొక్క అక్షరమే చెప్పి జ్యోత్స్న అని రాయించాం. వెన్నెలా వెలుగే కదా. నర్సులిద్దరికీ మిఠాయి ఇచ్చి అర్థం చెబితే, "మా పేరేగా!" అన్నారు.