కిరసనాయిల్లో నీళ్లు

పూరీ వెళ్లినవాళ్లు జగన్నాథుడి దర్శనం చేసుకుంటారు. సముద్రస్నానానికి దిగితే చెయ్యి పట్టుకుని కెరటాల్లో ముంచి తేల్చడానికి కోసు టోపీ పెట్టుకున్న నోలియా ఒకడు వస్తాడు. అతనితో వచ్చీరాని హిందీ మాట్లాడి డబ్బులిచ్చి వచ్చేస్తారు. అతను ఇంటికెళ్లి తెలుగులో మాట్లాడతాడని చాలామందికి తెలియదు. ఒడ్డు వెంట తూర్పుగా నడిస్తే వచ్చే పెంటకోట మా ఊరు. తాతలనాడు ఉత్తరాంధ్ర తీరం నుంచి తెప్పలేసుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయాం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు.

నేను చెప్పబోయేది 2004 దసరా సెలవుల నాటి మాట. అప్పటికే నేను భువనేశ్వర్లో ఉద్యోగస్తుణ్ణి. నాన్న సముద్రానికి వెళ్లడం మానేశాడు. ఏళ్ల తరబడి మోటారు పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. ఫైబరు పడవ, దాని వెనక తగిలించే తొమ్మిదిన్నర చిల్లర గుర్రాల పాత మోటారు చిన్నాన్న చూసుకునేవాడు. మోటారు సెకండ్ హ్యాండుది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు దానిది కాదు గనక చెప్పాల్సిన పనీ లేదు.

ఆ రకం మోటార్లు చూడనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. పెట్రోలు ఖరీదు కాబట్టి వాటిని కిరసనాయిలుతో నడుపుతారు. కానీ చల్లటి మోటారు కిరసనాయిలుతో అంటుకోదు. చిన్న ట్యాంకులోని పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక పెద్ద ట్యాంకులోని కిరసనాయిలుకి మారుస్తారు. ట్యాంకు నుంచి మోటారుకి రబ్బరు గొట్టం ఉంటుంది. దాని మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక రబ్బరు ఉండ. దాన్ని నాలుగుసార్లు నొక్కితే ఆయిలు పైకెక్కుతుంది. నాన్న దాన్ని కొలిమి తిత్తిలాగా ‘తిత్తి’ అనేవాడు. తెప్పలో ప్రతి కర్రకీ, ప్రతి తాడుకీ మాకు తెలుగు పేరుంది. మోటారులో సామాన్లకి మాత్రం అన్నీ అరువు పేర్లే. తిత్తి ఒక్కటే మా నాన్న పెట్టిన పేరు.

మొదటిరోజు తెల్లవారుజామున చిన్నాన్న, ఆయన కొడుకులిద్దరు, నేను బయల్దేరాం. పెట్రోలు మీద కెరటాలు దాటాం. కిరసనాయిలుకి మార్చిన పది నిమిషాలకి మోటారు దగ్గి ఆగిపోయింది. పెట్రోలుకి తిప్పి తాడు లాగితే వెంటనే అందుకుంది. మళ్లీ కిరసనాయిలు, మళ్లీ దగ్గు. తెడ్లేసుకుని వెనక్కి వచ్చాం.

పెట్రోలు మీద తిరుగుతోంది, కిరసనాయిలు మీద ఆగుతోంది. ఇంకేం కావాలి? చదువుకున్నవాణ్ణి కదా, కిరసనాయిల్లో నీళ్లున్నాయని తేల్చేశాను. తెచ్చింది చిన్నాన్న. “చవగ్గా వస్తుందని ఎక్కడ పడితే అక్కడ కొంటే ఇంతే” అన్నాను. “నాను ఎప్పుడూ కొనే కాడే కొన్నాన్రా” అన్నాడాయన. గాజుసీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే నీళ్లు అడుక్కి దిగుతాయి. అదైనా చేశానా అంటే, పోశాను గానీ ఆగలేదు. ఇరవై లీటర్ల పైమాటే ఉంది, మొత్తం వంపేసి చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి దీపాలకి పంచిపెట్టించాను. వేరేచోట నేనే కొని తెచ్చి, గుడ్డలో వడగట్టి మరీ పోశాను.

మెకానిక్కుని కూడా పిలిచాం. ఒడియా ఆయన, నెమ్మదస్తుడు. ప్లగ్గు విప్పి మసి గీకాడు, కార్బొరేటరు విప్పి పెట్రోలుతో కడిగాడు. మోటారుని నీళ్ల డ్రమ్ములో దించి కిరసనాయిలు మీదే పావుగంట నడిపించాడు. ఎక్కడా తడబడలేదు. “సబు ఠిక్ అఛి” అని డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పావుగంటా ట్యాంకు మూత పక్కన ఇసకలో ఉందనీ, ట్యాంకు నోట్లో గరాటా అలాగే ఉందనీ నాకు తర్వాత గుర్తొచ్చింది.

రెండోరోజు మళ్లీ అదే వరస. పది నిమిషాలకి ఆగింది. చిన్నాన్న ఏమీ అనలేదు గానీ నా వైపు ఒక చూపు చూశాడు. నేను ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగిచూసి, మూత బిగించాను. మోటారు అందుకుంది. దారిలో ఇంకోసారి ఆగితే ఇంకోసారి మూత తీసి చూశాను. మళ్లీ అందుకుంది. అడుగున ఏదో నలక అడ్డం పడుతోందని, ట్యాంకు కుదిపితే తొలగుతోందని సిద్ధాంతం చేశాను. వల వేశాం. నాలుగు బుట్టల కవళ్లు పడ్డాయి. తిరుగు ప్రయాణంలో ట్యాంకు సగమైంది. మోటారు అరగంట సేపు ఏకధాటిగా నడిచింది. జబ్బు కుదిరిందనుకున్నాం.

పూరీలో రేవు లేదు. కెరటం వీపు మీద ఎక్కి, దాని వెనకే ఇసక మీదికి రావాలి. ముందుకి పోయినా, వెనకబడినా ప్రమాదమే. సరిగ్గా ఆ వరసలో అడుగుపెట్టాక మోటారు ఆగింది. మాటిమాటికీ స్టార్టు చెయ్యడంతో చిన్న ట్యాంకులో పెట్రోలు చుక్క లేదు. పడవ అడ్డం తిరిగిపోతోంది. వెనకాల కెరటం లేస్తోంది. చిన్నాన్న పెద్ద తెడ్డు అందుకుని, ఛాతీ ఆనించి, పడవ మూతిని ఒడ్డువైపు తిప్పాడు. ఎలా తిప్పాడో నాకు తెలియదు, నేను కళ్లు మూసుకున్నాను. కెరటం మా మీదనుంచి వెళ్లింది. బుట్టలు పోయాయి, వల చిరిగింది. చిన్న తమ్ముడి మోచెయ్యి పడవ అంచుకి కొట్టుకుని అప్పటికప్పుడు వాచిపోయింది.

ఒడ్డున ఇసకలో నిలబడి, వణుకుతూ, అప్పుడు కూడా నేను కిరసనాయిలు గురించే అరిచాను. ఈసారి కొన్నది నేనేనన్న సంగతి మరిచిపోయి.

నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. మా కేకలు ఆయనకి వినపడవు కదా, తిన్నగా పడవలోకి వంగి ట్యాంకు మీద చెయ్యి వేశాడు. ప్లాస్టిక్కు ట్యాంకు. పక్కలు రెండూ ఆకలిగొన్న గొడ్డు డొక్కల్లా లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. తిత్తి చేత్తో ఎవరో పిండినట్టు చప్పగా అణిగి ఉంది. నాన్న మూత తిప్పాడు. బుస్సుమంది. డొక్కలు టప్పున పైకి లేచాయి, తిత్తి ఉబ్బింది.

“ముక్కు మూసీసి ఊపిరి తియ్యమంటే ఏటి తీస్తాదిరా?” అన్నాడు.

పాత మూత చిట్లి ఆయిలు చిందుతోందని, సెలవులకి వచ్చిన రోజునే నేను బజార్లో కొత్త మూత కొని బిగించాను. అది డబ్బా మూత. మరకు సరిపోయింది, బిగువుగా కూర్చుంది, చుక్క కారలేదు. ఎంత మురిసిపోయానో. పాత మూత మీద గాలి పోవడానికి ఒక చిన్న మర ఉండేది, నా మూతకి లేదు. ఆయిలు బయటికి పోయినకొద్దీ లోపలికి గాలి రావాలి. రాకపోతే మోటారు ఎంత పీల్చినా ఆయిలు రాదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, తొందరగా బిగుసుకుంటుంది. సగమైతే ఎక్కువసేపు పడుతుంది. అందుకే పోయేటప్పుడు పది నిమిషాలకి ఆగింది, వచ్చేటప్పుడు అరగంట నమ్మించి ఆగింది. పెట్రోలు ట్యాంకు మూత వేరు గనక పెట్రోలుకి ఏ బాధా లేదు.

నాన్న మేకు కాల్చి కొత్త మూతకి బెజ్జం పెట్టాడు. ఆ మూత ఎవరు తెచ్చారని ఎవరినీ అడగలేదు. తమ్ముళ్లతో “ఉప్పు పట్టీసింది” అన్నాడు. నా మొహం చూడకుండా కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వీధిలో ఒక ముసలమ్మ ఆపింది. “మంచి కిరసనాయిలు ఇచ్చినావు బాబూ, రాత్రంతా ఎలిగినా దీపం సిటపటమన్లేదు.” నీళ్లున్న ఆయిలైతే వత్తి చిటపటలాడుతుంది. అది ఆవిడకి తెలుసు.

చిన్నాన్న గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మూత సంగతి చెప్పాను. చేతిలో సూది ఆపకుండా విన్నాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అనుకున్నాను.

“ఎంత ఎట్టి కొన్నావు ఆ మూత?”

“పది రూపాయలు.”

“నాను కొన్న కిరసనాయిలు డబ్బులు?”

జేబులోంచి తీసి ఇచ్చాను. సూది పళ్ల మధ్య పెట్టుకుని, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. “వల తాడుకి కూడా ఇయ్యి” అన్నాడు. అదీ ఇచ్చాను. అప్పుడు పక్కకి జరిగి, చిరిగిన వల రెండో కొస నా చేతికిచ్చాడు.