తూనీగకూ ఇంటిపేరుంది!

సూళ్లూరుపేట వెళ్లినవాళ్లెవరైనా తలెత్తే నడుస్తారు. శ్రీహరికోట రాకెట్ కోసమో, పులికాట్ సరస్సుకి వచ్చే ఫ్లెమింగోల కోసమో. పక్కనే నేలపట్టులో గూడబాతులు. పక్షుల పేరుతో ఏకంగా పండగే చేసిన ఊరది. అదే ఆకాశంలో సముద్రాలు దాటే బాటసారి ఇంకొకటి ఉంది. మనం దానికి చేసే మర్యాదల్లా తోకకు దారం కట్టడమే!

తూనీగ గురించే చెబుతున్నా.

మా అక్కావాళ్లది సూళ్లూరుపేట. ఓ నవంబరులో వెళ్లేసరికి అక్క కూతురు దిగులుగా కూర్చునుంది. ఎనిమిదో తరగతి. పది పురుగులతో ఆల్బం చేసుకు రమ్మన్నారట. తోటిపిల్లలు పురుగుల్ని పట్టి, గుండుసూది గుచ్చి అట్టకి అంటిస్తున్నారు. ‘నేను చంపను పిన్నీ. ఫొటో పెడతానన్నా. సరే, కానీ ఏ రకమో కచ్చితంగా రాయాలన్నారు. తప్పు రాస్తే మార్కుల్లేవట’ అంది.

‘తూనీగ అని రాసేయ్’ అన్నాను.

‘అన్నీ తూనీగలే పిన్నీ. ఇది ఏ తూనీగ?’

ప్రపంచంలో ఆరు వేలకు పైగా రకాలున్నాయి. మన దేశంలోనే దాదాపు 500. ఆ సాయంత్రం వాన వెలిశాక డాబా ఎక్కాం. ఆమె చేతిలో కెమెరా, నా చేతిలో తూనీగల మీద వచ్చిన పుస్తకం.

మొదట చూడాల్సింది రెక్కలు. వాలినప్పుడు రెక్కలు చాపి ఉంచితే అసలు తూనీగ. వీపు మీదకు చేర్చేసుకునే సన్నటి పుల్లల్లాంటివి చాలావరకు వాటి చిన్న చుట్టాలు. కళ్లు చూసినా తెలుస్తుంది. చుట్టాలకి కళ్లు ఎడంగా, తలకి చెరో పక్కన ఉంటాయి.

నిజానికి మాకు కాస్త అదృష్టం కలిసొచ్చింది. చల్లటి కొండవాగుల్లో పెరిగే రాతి ఈగలని ఉంటాయి. రెక్కల్ని వీపు మీద బల్లపరుపుగా మడిచిపెట్టుకుంటాయి. వాటిలో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరుచేయాలంటే చాలాసార్లు మగపురుగు పొట్ట చివరి భాగాల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాల్సిందే. ప్రాణం తీయకుండా అయ్యే పని కాదది. మా తూనీగ ఫొటోకే దొరికిపోయింది.

ఒళ్లంతా బంగారు పసుపు. పొట్ట మీద, తోక వైపు నల్ల మచ్చలు. వెనక రెక్కలు మొదట్లో బాగా వెడల్పు. ఆ వెడల్పు ఉన్నది ఇంకోటుంది కానీ, దానికి రెక్క మొదట్లో ముదురు మరక ఉంటుంది. ఫొటో పెద్దది చేసి రెండుసార్లు చూసింది. మరక లేదు. పైగా ఇది ఓ పట్టాన వాలదు, గాల్లో తేలుతూనే ఉంటుంది. వాలినా కొమ్మకి నిలువుగా వేలాడుతుంది.

పేరు దొరికింది... పాంటలా ఫ్లేవెసెన్స్.

‘పంటల దగ్గర తిరుగుతుందనా?’ అంది పిల్ల. కాదు, ‘అంతా రెక్కలే’ అని అర్థం. రెండోది ‘పసుపు వన్నెది’ అని. లినేయస్ శిష్యుడు ఫాబ్రిషియస్ 1798లో భారతదేశపు తూనీగను చూసే దీన్ని లోకానికి పరిచయం చేశాడు. 1861లో హేగన్ ‘పాంటలా’ని చేర్చాడు. అన్నట్టు, శాస్త్రవేత్తలదీ మన తెలుగువాళ్ల పద్ధతే. ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత!

పేరు తెలిశాక మిగతా కథ దానంతటదే వచ్చింది. మాల్దీవుల్లో ఉండే సముద్రజీవ శాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్‌కి ఏటా అక్టోబరులో ఇవి గుంపులుగా కనిపించేవి. పైన మంచినీటి చెరువులే లేని దీవులకి తూనీగలెందుకొస్తాయి? ఏళ్ల తరబడి లెక్కలు రాసి 2009లో తేల్చాడు. ఎత్తులో వీచే గాలుల్ని పట్టుకుని ఇవి మనవైపు నుంచి తూర్పు ఆఫ్రికాకి వెళ్తున్నాయని. రానూపోనూ 14 నుంచి 18 వేల కిలోమీటర్లు. ఒక్క తూనీగ చేసే ప్రయాణం కాదది, నాలుగు తరాలు కలిసి పూర్తిచేస్తాయి. 2016లో జన్యువులు పోల్చినప్పుడు, ఖండాల మధ్య వీటి సంబంధాలు కలుస్తూనే ఉన్నాయని తేలింది.

ఇన్ని వేల కిలోమీటర్లకీ కావాల్సింది వాన గుంట ఒక్కటే. అందులో గుడ్లు పెడితే నెలా రెండు నెలల్లో రెక్కలొచ్చేస్తాయి. గుంట ఎండేలోపు ఎగిరిపోవాలిగా మరి!

అంతా విన్న వాళ్ల నానమ్మ ‘ఇవి కిందుగా తిరిగితే వానొస్తుందని మాకు ఎప్పుడో తెలుసమ్మా’ అని తీసిపారేసింది. వాన వెంట తిరిగే పురుగు గురించి ఆవిడ మాటని నేనైతే కొట్టిపారేయలేను.

కిందికొచ్చేసరికి వీధిలో ఓ బుడ్డోడు తూనీగ తోకకి దారం కడుతున్నాడు. మా పిల్ల వాడి పక్కన కూర్చుని ‘ఇది ఆఫ్రికా పోవాల్రా’ అంది. వాడు నమ్మలేదు. కెమెరాలో ఫొటోలు చూపించాక, దాన్నోసారి పట్టుకోనిస్తే వదిలేస్తానని బేరం పెట్టాడు. ముడి విప్పడానికి పది నిమిషాలు పట్టింది.

రాత్రి ఆల్బంలో ఫొటో అతికించి కింద రాసింది. పేరు: పాంటలా ఫ్లేవెసెన్స్. దొరికిన చోటు: సూళ్లూరుపేట, మా పక్క ఖాళీ స్థలంలో వాన గుంట.