మా పెరట్లో బిళ్ళగన్నేరు

మా హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు ఎక్కువ. అందుకని పూలమొక్క అనగానే ఇక్కడ అందరికీ గులాబీయే గుర్తుకొస్తుంది. నేను పెంచుతున్నది మాత్రం బిళ్ళగన్నేరు. ఒకసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, ఏడాది పొడుగునా పూస్తుంది. అందుకేనేమో తమిళంలో దీన్ని నిత్యకల్యాణి అంటారు.

దీని పుట్టినిల్లు మడగాస్కర్ దీవి. ఎండ బాగా పడాలి, నీళ్ళు నిలవకూడదు, అంతే. ఎర్రమట్టిలో కొంచెం ఇసుక, పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లు ఉన్న కుండీలో నింపాను. పైమట్టి ఎండిన తర్వాతే నీళ్ళు పోస్తాను. ఎక్కువ పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. కొనలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా ఎదుగుతుంది. ఆకు చేదు కాబట్టి మా మేకలు కూడా దాని జోలికి పోవు.

అయితే మా అవ్వకు ఈ మొక్క గిట్టదు. తమిళంలో దీనికే సుడుగాట్టు మల్లి అని ఇంకో పేరుంది. సుడుగాడు అంటే శ్మశానం. "వల్లకాట్లో పూసేది ఇంటి ముందర ఏందే? పెరికి పారెయ్" అనేది. నేను కుండీని పెరట్లోకి మార్చాను గానీ పెరకలేదు.

పోయిన ఏడు మా పిన్నమ్మ కొడుక్కి రక్త క్యాన్సర్ అని తెలిసింది. వాడికి ఆరేళ్ళు. బెంగళూరు ఆసుపత్రిలో వాడికి ఎక్కించే మందుల్లో ఒకదాని పేరు విన్‌క్రిస్టీన్. అది బిళ్ళగన్నేరు నుంచే వస్తుందని మా సైన్సు టీచరుగారు చెప్పారు. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ మొక్క ఆకుల్లోంచి విన్‌బ్లాస్టిన్ అనే ఇంకో మందును వేరు చేశారట.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అట్లయితే రెండాకులు నూరి పిల్లోడికి పోద్దామా?" అని అడిగింది. నాకు భయం వేసింది. ఈ ఆకు తింటే విషం. అందులో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయని, మందుగా పనికొచ్చేదాన్ని మాత్రమే వేరు చేసి డాక్టర్లు కొలిచి ఇస్తారని నచ్చజెప్పాను. షుగరుకని ఈ ఆకు నమిలేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్ళకూ అదే చెబుతున్నాను.

తమ్ముడికి వైద్యం ఇంకా జరుగుతోంది. జుట్టు మళ్ళీ మొలుస్తోంది. అవ్వ ఈ పూలు ఇప్పటికీ దేవుడికి పెట్టదు. కానీ నేను బడికి వచ్చాక కుండీకి నీళ్ళు చూసుకునేది ఆమే. ఎండిన కాయలు పగలకముందే కోసి, నల్లటి విత్తనాలు కాగితంలో పొట్లం కట్టి పెట్టాను. కావలసినవాళ్ళు అడగండి, ఇస్తాను.