మేలుమలై మిట్ట – జీపు ఊపిరి

హోసూరు నుండి కృష్ణగిరికి సుమారు 50 కిలోమీటర్ల దారి. బస్సులో కూర్చున్నవారికి అది దారిగానే తోచదు. ఒక కునుకు తీసి లేచేసరికి ఊరు వస్తుంది. బరువు వేసుకుని కింది నుండి పైకి వచ్చే బండికి మాత్రం అది గట్టి పరీక్ష. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ తేడా దారి పొడుగునా సమంగా పంచి ఉండదు. శూలగిరికీ కురుబరపల్లికీ నడుమ మేలుమలై అనేచోట కొండల మధ్యగా దారి గట్టిగా వాలుతుంది. దిగేటప్పుడు బ్రేకులకు పని. ఎక్కేటప్పుడు ఇంజనుకు పని.

ఈ సీమ మన తెలుగువారికి పరాయి సీమ కాదు. హోసూరు అంటే కన్నడంలో కొత్త ఊరు అని అర్థం. ఊరు తమిళ రాష్ట్రంలో ఉన్నది. సంతలో బేరం మాత్రం తెలుగులో మొదలై, కన్నడంలో నడిచి, తమిళంలో తెగుతుంది. రాజాజీ 1878లో పుట్టినది ఈ హోసూరు దగ్గరి తొరపల్లిలోనే. పల్లె పేర్లు చూచినా పల్లి, దొడ్డి అని మనకు తెలిసిన తోకలే కనిపిస్తాయి. 1980లో అశోక్ లేలాండ్ వారి లారీల ఫ్యాక్టరీ ఇక్కడ వెలసినది. ఆ సంవత్సరమే టి.వి.ఎస్. 50 మోపెడ్డు కూడా ఇక్కడి నుండి బయటికి వచ్చినది. ఆనాటి నుండి హోసూరులో ఇనుము పని తెలియని వీధి లేదంటే అతిశయోక్తి కాదు.

కింద ఉన్న కృష్ణగిరి సంగతి వేరు. ఊరిమీద కాపలా కాస్తున్నట్టు పెద్ద బండకొండ, దానిపైన కోట. పూర్వం దీనిని బారామహల్ సీమ అనేవారు. 1792లో శ్రీరంగపట్నం సంధి వలన టిప్పు చేతినుండి ఇది కుంఫిణీవారికి వచ్చినది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయనకు సహాయకుడుగా థామస్ మన్రో, ఈ సీమలో పొలాలు కొలిపించి రైతువారీగా శిస్తు కట్టినారు. ఆ మన్రోయే తరువాత మన దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చినాడు. 2004లో ధర్మపురి జిల్లానుండి విడదీసి కృష్ణగిరిని ప్రత్యేక జిల్లా చేసినారు. నేడు ఆ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది మామిడి.

ఆ మామిడి వలననే మాకు మేలుమలై మిట్టతో పరిచయం గట్టిపడినది. మా అక్క కాపురం వేపనపల్లి వైపు ఒక పల్లెలో. బావకు కొంచెం తోట, ఒక డీజిల్ జీపు ఉన్నవి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. వాగు ఇసుకలోనూ, తోటలోని రాళ్ల బాటలోనూ అదే దిక్కు. కాపు రోజులలో పండ్ల బుట్టలు వేసుకుని హోసూరు మార్కెట్టుకు ఎక్కుతుంది. మిగతా రోజులలో పల్లెలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి నొప్పులు వచ్చినా, అర్ధరాత్రి తలుపు తట్టేది ఆ జీపు కోసమే.

ఒక కాపులో ఆ బండికి ఆయాసం పట్టుకున్నది. చదునున బాగానే పోతుంది. మేలుమలై మిట్ట తగలగానే బలం చచ్చి, వెనుక నల్లటి పొగ వదులుతూ, లారీల వెనుక లారీలాగా పాకుతుంది. ఒక షెడ్డులో చూపిస్తే, గొట్టం ఊడదీసి, లోపల నూనె తడి చూపి, “టర్బో పోయింది, మార్చాలి, నలభై వేలు” అన్నారు. ఆ యేడు తోటమీద బావకు మిగలవలసిన సొమ్ము ఇంచుమించు అంతే. అక్క కూతురు కాలేజీ ఫీజు కూడా అందులోనే ఉన్నది. నేను సెలవు పెట్టి వెళ్లి, బావతో కలిసి కృష్ణగిరి బైపాసు పక్కనున్న మరొక మేస్త్రి దగ్గరికి పోయినాను.

ఇక్కడ టర్బో అంటే ఏమో రెండు మాటలు చెప్పాలి. ఇంజను వదిలే పొగకు వేడీ వేగమూ ఉంటాయి. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతారు. ఈ ఉపాయానికి 1905లో పేటెంటు పొందినవాడు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి అనే స్విట్జర్లాండు ఇంజనీరు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దానికి ఆధారం పలుచని నూనె పొర ఒక్కటే. ఒత్తిన గాలి వేడెక్కుతుంది కనుక, ఇంటర్ కూలరు అనే జల్లెడపెట్టెలో దానిని చల్లార్చి ఇంజనుకు ఇస్తారు. ఇలా అదనంగా వచ్చే గాలి ఒత్తిడినే బూస్టు అంటారు. గాలి చాలక డీజిల్ సరిగా కాలకపోతే నల్ల పొగ వస్తుంది. నూనె కాలితే నీలి పొగ వస్తుంది.

మేస్త్రి వయసు ముప్పై అయిదుకు మించదు. తమిళమూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. బానెట్టు ఎత్తకుండానే మూడు ప్రశ్నలు వేసినాడు.

“ఎప్పుడు ఆయాసం వస్తుంది అన్నా? పొగ రంగు ఏమి? ఈల శబ్దం గానీ, బుస్సుమనే శబ్దం గానీ వినిపిస్తుందా?”

“మిట్టమీదనే తమ్ముడూ. పొగ నలుపు. అద్దాలు దించితే బుస్సుమంటుంది,” అన్నాడు బావ.

మేస్త్రి ఇంజను వేయకుండా తాళంచెవి మాత్రం తిప్పి, స్కానరు తగిలించినాడు. ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సారు ఒకటి ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది చూపవలసినది మామూలు వాతావరణ ఒత్తిడినే. స్కానరులో 950 మిల్లీబార్లకు కొంచెం పైన కనబడినది. పుస్తకంలో 1013 అని ఉంటుంది కదా, సెన్సారు చెడినదా అని నేను అడిగినాను.

“1013 సముద్రం ఒడ్డున సార్. మదరాసులో అయితే దాని దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఇంతే. మీరు హోసూరు పోయి చూడండి, 910 దగ్గర ఉంటుంది. ఊరు తెలియకుండా అంకె చూస్తే మంచి సెన్సారును పారేస్తాము,” అన్నాడు.

ఈ మాట నాకు చాలా నచ్చినది. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. అంత బూస్టు ఇవ్వడానికే టర్బో మరింత వేగంగా తిరగాలి. అందుచేత చదునున దాగిన లోపం మిట్టమీద బయటపడుతుంది. మేలుమలై దారి, అంటే, ఈ సీమ మేస్త్రులకు దేవుడిచ్చిన పరీక్షశాల అన్నమాట.

తరువాత అతడు బండిని మిట్టకు తోలించి, పక్కన కూర్చుని స్కానరు చూచినాడు. ఇంజనును నడిపే కంప్యూటరు ఎంత బూస్టు అడుగుతున్నదో ఒక అంకె, నిజంగా వచ్చేది ఎంతో మరో అంకె. మొదటిది పెరుగుతున్నది, రెండవది వెనుకబడుతున్నది. కొంతసేపటికి కంప్యూటరు బెదరి బలం తగ్గించుకున్నది. పి0299 అనే కోడు పడినది. బూస్టు చాలదని దాని భావం. “ఈ కోడు టర్బో పోయిందని చెప్పదు సార్. గాలి తక్కువ అని మాత్రం చెబుతుంది. ఎందుకు తక్కువో మనమే వెదకాలి,” అన్నాడు మేస్త్రి.

షెడ్డుకు తిరిగి వచ్చి చవకైన చోటునుండి మొదలుపెట్టినాడు. ముందు ఎయిర్ ఫిల్టరు. తోట దుమ్ము ఉన్నది గానీ మూసుకుపోలేదు. తరువాత బూస్టును అదుపుచేసే సన్నని వాక్యూము గొట్టాలు, పగుళ్లు లేవు. టర్బో మీటకు వాక్యూము ఇచ్చి చూచినాడు. మసి పట్టి బిగుసుకోకుండా సాఫీగా కదిలినది. టర్బో ముఖాన ఉన్న గొట్టం తీసి, చక్రాన్ని వేళ్లతో పట్టి ఊపినాడు. చక్రం గోడకు రాసుకున్న జాడ లేదు. పక్కకు అతి స్వల్పంగా ఆడినది, అది ఉండవలసినదేనట. మరి నూనె తడి సంగతేమిటని బావ అడిగినాడు. ఇంజను లోపలి ఆవిరిని కూడా ఆ గొట్టంలోకే వదులుతారు కనుక కొంచెం తడి ఉండడం సహజమని, గుంటకట్టితేనే భయపడాలని మేస్త్రి చెప్పినాడు.

చివరకు టర్బోనుండి ఇంటర్ కూలరు మీదుగా ఇంజనుదాకా ఉన్న గాలిదారి రెండు కొసలా బిరడాలు బిగించి, గాలి మిషనుతో కొద్ది కొద్దిగా గాలి పట్టి, సబ్బునీళ్లు పూసినాడు. మొదట ఏమీ లేదు. ఒత్తిడి పెంచగానే కింది హోస్ పైపు అడుగున బుడగలు పొంగినవి. అక్కడ ఒక ఇనుప పట్టీ ఏళ్ల తరబడి రాసుకుని రబ్బరును కోసినది. బండి నిలిచి ఉన్నప్పుడు ఆ గాటు పెదవులు మూసుకున్నట్టు మూసుకుంటుంది. బూస్టు ఎక్కితేనే తెరుచుకుంటుంది. “కాత్తు పోగుదు,” అన్నాడు మేస్త్రి తమిళంలో. గాలి పోతున్నది. అంతే జబ్బు.

కొత్త హోసు, రెండు క్లిప్పులు, కూలీ కలిపి మూడువేలకు లోపుగా తేలినది. పట్టీని వంచి, రాసుకోకుండా ముక్క రబ్బరు వేసినాడు. డబ్బు పుచ్చుకుంటూ మరొక మాట చెప్పినాడు. గాలి కారుతున్నా కంప్యూటరు అడిగే బూస్టు అడుగుతూనే ఉంటుంది. దానిని అందివ్వబోయి టర్బో మితిమీరిన వేగంతో తిరుగుతుంది. ఇలాగే నడిపితే మంచి టర్బో కూడా చస్తుంది. ఈ గాటును వదిలి కొత్త టర్బో వేసి ఉంటే, నలభై వేలూ పోయేవి, జబ్బూ పోయేది కాదు, కొన్నాళ్లకు కొత్తదీ పోయేది.

మరునాడు వేకువనే బుట్టలు నింపుకుని బయలుదేరినాము. కురుబరపల్లి దాటినది. మేలుమలై మిట్ట వచ్చినది. బావ ఏమీ మాట్లాడలేదు. అద్దం దించి చెవి బయటపెట్టినాడు. బుస్సు లేదు, సన్నని ఈల మాత్రం ఉన్నది. అది ఆరోగ్యమైన టర్బో పాట. వెనుక పొగ లేదు. శూలగిరి కొండ కనబడేసరికి బావ ముఖాన వెలుగు వచ్చినది. హోసూరు మార్కెట్టు ముందు జీపు ఆపి, ఇంజనును ఒక నిమిషం మెల్లగా తిరగనిచ్చి తరువాతనే ఆపినాడు. వేడెక్కిన ఇరుసుకు చల్లారేదాకా నూనె అందాలని మేస్త్రి చెప్పిన పథ్యం అది.

మనలో బండి ఉన్నవారు చాలామందే ఉన్నారు. వారికి నా మనవి ఇంతే. మిట్టమీద మీ డీజిల్ బండి ఆయాసపడితే, ముందు పొగ రంగు, శబ్దం, చోటు కాగితంమీద రాసుకోండి. ఫిల్టరు, గొట్టాలు, క్లిప్పులు, వాక్యూము, సెన్సారు, ఆ తరువాతనే టర్బో. ఈ వరుస తప్పనివ్వకండి. నీలి పొగ వచ్చినా, నూనె వేగంగా తగ్గినా, ఇనుము గీరిన చప్పుడు వినబడినా మాత్రం ఒక్క మైలు కూడా నడపకుండా లాగించుకుని పొండి. కారిన నూనెనే తాగి డీజిల్ ఇంజను అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉన్నది. టర్బో మార్చాలన్నవారిని కోపగించుకోనక్కరలేదు. గాలి పట్టి, సబ్బునీళ్లు పూసి చూచినారా అని మర్యాదగా అడగండి. పొలం కొలవకుండా శిస్తు కట్టని సీమలో, గాలి కొలవకుండా బిల్లు ఎందుకు కట్టాలి?